వాన వార్నింగులు మా కాలనీలో సగం మందికి అర్థం కావట్లేదు, పంచాయతీలో ఏం చేయించొచ్చు?

ఆరణి_ఒడ్డు:

అన్నా అక్కా అందరికీ నమస్తే. మాది సత్యవేడు సైడు, తమిళనాడు బార్డరు కూతవేటు దూరం, ఊరి పేరు వద్దులెండి. మా అమ్మ వార్డు మెంబరు, ఆమెని మీటింగులకి బండి మీద తీసుకుపోయేది పేపర్లు చదివి చెప్పేది నేనే, అందుకే ఇది నా నెత్తిన పడింది.

2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫాను గుర్తుందా, ఆ రాత్రి తొమ్మిదిన్నరకి మా ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండి పునరావాస కేంద్రాలకు తరలివెళ్ళవలెను అని. మా కాలనీలో అరవై ఇళ్ళు ఉంటే సగం ఇళ్ళల్లో తమిళమే, తెలుగు బాగానే మాట్లాడతారు గానీ చదవడం రాదు, చదవడం వచ్చిన మా తెలుగోళ్ళకి కూడా పునరావాస కేంద్రం అంటే యాడుందో తెలీదు (మా ఇస్కూలే అది, తర్వాత తెలిసింది). సరే అని నేనే సెల్లు లైటు వేసుకోని ఇంటింటికీ పోయినా. చివరింటి అవ్వకి గట్టిగా చెప్పినా, అవ్వా ఏరు పొంగతా ఉంది లెయ్యి లెయ్యి అని. ఆమెకి తమిళంలో ఏరి అంటే చెరువు కదా. చెరువు తెగతా ఉందనుకునింది పాపం, చెరువుకి దూరంగా పోవాలని మనవణ్ణి చంకనేసుకోని మేకల్ని తోలుకోని నేరుగా ఏటిగట్టు దిక్కుకే పోయింది!! మా పక్కింటి అబ్బోడు చూసి పరిగెత్తి వెనక్కి తెచ్చినాడు గానీ, ఒక మేకపిల్ల కొట్టకపోయింది. అవ్వ ఇప్పటికీ నన్నే తిడతాది.

ఇప్పుడు అడిగేది ఏందంటే, వచ్చే గ్రామసభలో దీన్ని ప్లానులో పెట్టించాలంటే ఏ హెడ్ కింద పెట్టాల, డబ్బులు ఎక్కడివి, తమిళంలో ఎవరు రాయాల? మావాళ్ళని అడిగితే ఆఫీసు భాష తెలుగే బాబూ మేమేం చేస్తాం అంటా ఉండారు.

—

సచివాలయం_బల్లకింద:

నేను చిత్తూరు జిల్లాలో వేరే మండలంలో పంచాయతీ సెక్రటరీ, కాబట్టి కొంచెం ఇంటి గుట్టు చెప్తున్నా అనుకోండి 😅

మొదట డబ్బులు. కేంద్రం పంచాయతీలకి ఇచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో (ఇది 2026 మార్చి దాకా లెక్క) 60 శాతం టైడ్, అంటే పారిశుధ్యం, తాగునీళ్ళు, వాననీటి నిల్వ వీటికే వాడాలి, వేరేదానికి ముట్టుకుంటే ఆడిట్‌లో మా మెడకే. మిగతా 40 శాతం అన్‌టైడ్, జీతాలకి ఆఫీసు ఖర్చులకి తప్ప ఊరి అవసరాలకి వాడొచ్చు. మీకు కావాల్సిన మైకు సెట్టు, బ్యాటరీ, రెండు టార్చిలు, గోడ మీద రాతలు ఇవన్నీ అందులోకే వస్తాయి, పెద్ద ఖర్చు కూడా కాదు. హెడ్ గురించి అయితే, జీపీడీపీలో, అంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్లాన్‌లో, తొమ్మిది థీములు ఉంటాయి, స్వచ్ఛ హరిత గ్రామం అని ఒకటి, అందులో పెట్టమనండి. 2022లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక విపత్తు నిర్వహణ ప్లాన్ రిలీజ్ చేసింది, దాని ప్రకారం ప్రతి ఊరికీ సొంత విపత్తు ప్లాన్ ఉండాలి. ఉందా అని గ్రామసభలో లేచి అడగండి, ఒక్క ప్రశ్న చాలు, మావాళ్ళు ఫైలు వెతుక్కుంటారు.

కానీ ఒక మాట, నోటి మాట లెక్కలోకి రాదు. మినిట్స్‌లో తీర్మానంగా రాయించాలి, మీ అమ్మగారు సంతకం పెట్టేముందు మీరు చదవండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రం మొత్తం 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు కదా, ఆ రోజు నేను చూసింది చెప్తున్నా, జనం అరిచి అరిచి అడిగినవి చాలా మటుకు పేపర్లోకి రాలేదు ఎందుకంటే రాసేవాడికి చెయ్యి నొప్పి (ఆ రాసేవాణ్ణి నేనే).

ఇంకోటి, 2024 అక్టోబర్ నుంచి పంచాయతీ లెవెల్ వాతావరణం మేరీ పంచాయత్ యాప్‌లో వస్తోంది, ఐదు రోజులకి. జిల్లా మొత్తానికి ఆరెంజ్ అలర్ట్ అంటే ఎవడూ పట్టించుకోడు, మన ఊరికి అంటే వింటాడు.

—

మగ్గం_చప్పుడు:

నగరి నుంచి. మా ఇంట్లో తమిళం, బడిలో తెలుగు, మగ్గం దగ్గర రెండూ కలిపి కిచిడీ 🙂

ఆఫీసు భాష తెలుగే అని తోసేసేవాళ్ళకి రెండు విషయాలు చెప్పండి. రాజ్యాంగంలో 350వ ఆర్టికల్ ఉంది, మన బాధ చెప్పుకునే అర్జీ దేశంలో లేదా రాష్ట్రంలో వాడే ఏ భాషలో అయినా ఇచ్చుకోవచ్చు, అంటే మీ అవ్వ తమిళంలో వేలిముద్ర అర్జీ ఇచ్చినా తీసుకోవాల్సిందే. రెండోది, 1956లో కేంద్రం ఇచ్చిన మెమొరాండంలోనే ఉంది, ఒక ఏరియాలో వేరే భాషవాళ్ళు 15–20 శాతం ఉంటే ముఖ్యమైన నోటీసులు వాళ్ళ భాషలో కూడా వెయ్యాలని. మీ కాలనీలో సగం అంటున్నారు, ఇంకేం కావాలి. అసలు మేమేమీ మొన్న వలస వచ్చినవాళ్ళం కాదు, 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాల మధ్య గీత మార్చినప్పుడు తిరుత్తణి తమిళం వైపు పోయింది, మీ సత్యవేడు ఇటు వచ్చింది, మనుషులు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే.

కానీ దయచేసి పుస్తకాల తమిళంలో రాయించకండి. ఒకసారి మా వైపు ఎవరో మంచి ఉద్దేశంతోనే తమిళంలో పాంఫ్లెట్ వేయించారు, మా నాన్న తమిళం చక్కగా చదువుతాడు, ఆయనకే సగం అర్థం కాలేదు, ఇది రేడియో వార్తలు మాదిరి ఉండాదే అన్నాడు. మన తెలుగు మెసేజ్‌ది కూడా అదే జబ్బు కదా, తరలివెళ్ళవలెను అని ఏ అమ్మ అయినా బిడ్డతో అంటుందా? ముందు తెలుగులో మనిషి మాట్లాడినట్టు రాయండి, తర్వాత కాలనీలోనే ఒక అక్కని కూర్చోబెట్టి ఆమె తమిళంలో వాయిస్ రికార్డు చెయ్యండి. చదివే పని లేకుండా పోతుంది.

—

మామిడి_మండీ:

మీరంతా మాటల గురించే మాట్లాడతా ఉండారు, నాకు నవ్వొస్తా ఉంది. మా చిన్నప్పుడు చెరువు నీళ్ళు చూసుకునే నీరుగట్టి ఉండేవాడు, చెరువు నిండి మొరవ (ఎక్కువ నీళ్ళు బయటికి పోయే దారి) పోయేదానికి ముందే టముకు వేసేవాడు, ఆ టముకు దెబ్బకి తెలుగేంది తమిళమేంది? ఒక రకంగా కొడితే పంచాయితీ, ఇంకో రకంగా కొడితే నీళ్ళు, కుక్కలకి కూడా తెలిసేది.

2021 నవంబర్లో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్ట లీకయినప్పుడు కింద పల్లెల్ని ఖాళీ చేయించినారు, ఆ భయం ఎట్లాంటిదో మా చుట్టాలు ఆ పక్కనే ఉండారు కాబట్టి నాకు తెలుసు. అప్పుడు సమస్య భాషా? కాదు. ఇప్పుడు నీ ఊర్లో మొరవ నిండా కంపచెట్లు ఉంటాయి చూడు, కాలవ మీద ఎవడో ఒకడు పశువుల కొట్టం వేసుంటాడు. అది తియ్యకుండా నాలుగు భాషల్లో మైకులో అరిస్తే నీళ్ళు వింటాయా? ఉపాధి పనుల్లో పూడిక తీయించు, కాలవ కొలిపించు. సర్వేయర్ని పిలిస్తే మీ సొంత చుట్టాల కొట్టమే ముందు బయటపడుతుంది, అప్పుడు తెలుస్తాది నీ ఉషారు.

కట్ట తూము దగ్గర రాతికి ఎర్ర రంగుతో గీత కొట్టించు. నీళ్ళు ఆ గీత తాకితే ఊరు లెయ్యాల. రంగుకి భాష లేదు.

—

మగ్గం_చప్పుడు:

పెద్దాయనా మీరు చెప్పిన గీత బంగారం లాంటి మాట, కాలవ సంగతి కూడా ఒప్పుకుంటా. కానీ అర్ధరాత్రి గీత చూసేది ఎవరు, చూసినాయన కాలనీకి వచ్చి ఏం మాట చెప్తాడు, ఆ అవ్వ మేకపిల్ల పోయింది అక్కడే కదా. టముకు విన్న తరం మా నాన్నతో ఆఖరు, నాకు అది సినిమాల్లోనే తెలుసు.

—

బట్టీ_లెక్కలు:

ఇక్కడ ఎవరూ మా వాళ్ళ గురించి అనలేదు కాబట్టి చెప్తున్నా. నేను శ్రీకాళహస్తి దగ్గర ఇటుక బట్టీలో లెక్కలు రాస్తా. మా దగ్గరికి ఒడిశా నుంచి జంటలు జంటలుగా పిల్లల్తో సహా వస్తారు, మన ఈశాన్య రుతుపవనం చివర్లో దిగి ఎండలు ముదిరేదాకా ఉంటారు, అంటే వానా ఎండా రెండూ వాళ్ళ నెత్తినే. మట్టి కోసం బట్టీలు వంకల పక్కనే పెడతారు కదా, గుడిసెలు ఇంకా కిందకి ఉంటాయి. వాళ్ళకి ఇక్కడ ఓటు లేదు, సచివాలయం లిస్టులో ఒక్క పేరు ఉండదు, లిస్టులో లేనోడికి ఎవరు ఏ మెసేజ్ పెడతారు?

ఎండాకాలం మాకు ఒక పేపరు వచ్చింది, వడదెబ్బ జాగ్రత్తలు, తెలుగులో. నేను చదివి మేస్త్రీకి హిందీలో చెప్పినా, ఆయన ఒడియాలో వాళ్ళకి చెప్పినాడు. నేను చెప్పింది అయిదు నిమిషాలు, ఆయన చెప్పింది ఒక్క ముక్క, అందరూ నవ్వినారు. ఏం చెప్పినావయ్యా అంటే నీళ్ళు తాగమన్నానన్నాడు. మధ్యాహ్నం పని ఆపమని ఉన్న ముక్క మాత్రం ఆయన నోట్లోనే ఆగిపోయింది, ఇటుకల లెక్క తగ్గితే ఆయనకే కదా దెబ్బ. అందుకని తర్జుమా ఎవరి చేత చేయిస్తున్నారో చూసుకోండి బాబూ, మేస్త్రీ చేత మాత్రం వద్దు.

వాన, తుఫాను వార్నింగులిచ్చే కేంద్రంవాళ్ళ సచేత్ యాప్‌లో భాష మార్చుకోవచ్చు, నేను కుర్రాళ్ళ ఫోన్లలో వేసిచ్చినా. పెద్దవాళ్ళ దగ్గర బటన్ ఫోన్లే.

—

ఆరణి_ఒడ్డు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత మంది రాస్తారనుకోలేదు. మామిడి_మండీ పెద్దాయన శాపం తగిలింది, కాలవ మీద కొట్టం మా మేనమామదే 🤦 అమ్మతో అన్నా, రెండు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. అయినా తీర్మానంలో కాలవ కొలత కూడా రాయించినాం, సంతకం పెట్టేముందు చదివినా కూడా.

మైకు ఆటో స్టాండు ఆటోకి కట్టేటట్టు మాట్లాడినాం, గీతకి రంగు డబ్బా నేనే కొన్నా, బిల్లు తర్వాత చూసుకుంటాం. సెక్రటరీ అన్నా, ఇంకో డౌటు, భారీ, అతి భారీ, అత్యంత భారీ అని మూడు ఉంటాయి కదా, వాటికి ఊరి మాట ఏం పెట్టాల?

—

సచివాలయం_బల్లకింద:

లెక్క ప్రకారం ఒక రోజులో ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర భారీ మొదలవుతుంది, పదకొండున్నర దాటితే అతి భారీ, 20 సెంటీమీటర్లు దాటితే అత్యంత భారీ. సెంటీమీటర్లు జనానికి చెప్పొద్దు. మీ ఏటి మీద కల్వర్టు ఏ వానకి మునిగిందో ముసలాళ్ళని అడిగి, కల్వర్టు మునిగేంత వాన, కాలనీ రోడ్డు మునిగేంత వాన అని పెట్టుకోండి. మా ఊర్లో గుడి మెట్లు లెక్కపెడతాం, మూడో మెట్టు వాన అంటే చాలు.

—

ఆరణి_ఒడ్డు:

సూపర్ అన్నా. రికార్డింగ్ నిన్న అయింది. కాలనీలో అంగడి అక్క తమిళంలో చెప్పింది, నేను తెలుగులో. నలభై సెకన్లే. ఏరు అనే మాటే తీసేసినాం, ఆరణి నది అని పేరు పెట్టి చెప్పినాం, చెరువుకి చెరువు పేరు, కేంద్రం గీంద్రం లేదు, ఇస్కూలు అంతే. ముందు అవ్వకి వినిపించినా. రెండుసార్లు వినింది. అంతా బాగుంది గానీ మేకల్ని యాడ కట్టెయ్యాలో చెప్పలేదే అనింది. నిజమే, ఇస్కూల్లోకి మేకల్ని రానియ్యరు, అందుకే ఆ రోజు రాత్రి ఎవరూ కదల్లేదు సగం మంది. హెడ్‌మాస్టరుతో మాట్లాడాల, వెనక ప్రహరీ లోపల చోటు ఉంది, ఇస్తాడో లేదో.