డెక్కన్ ఛార్జర్స్‌ని "మాజీ జట్టు" అనొచ్చా?

మా అపార్ట్‌మెంట్ క్విజ్‌కి ప్రశ్నలు రాస్తూ "హైదరాబాద్ మాజీ ఐపీఎల్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2009 ఫైనల్లో ఎవరిని ఓడించింది?" అని రాశాను. కింది ఫ్లోర్ మాస్టారు చూసి "మాజీ ఏంటయ్యా, ఆ జట్టేమైనా ఎన్నికల్లో ఓడిపోయిందా?" అన్నారు. అప్పుడు నవ్వేశాను గానీ రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. తప్పేనా?

జవాబు: తప్పు అనను గానీ మాస్టారి చెవి మంచిది. మాజీ అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా వచ్చింది, అసలు అర్థం గడిచిన కాలం. తమాషా ఏంటంటే ఉర్దూవాళ్లు మాజీ మంత్రిని మాజీ అనరు, సాబిఖ్ అంటారు. మనమూ, కన్నడిగులూ, మరాఠీవాళ్లూ ఆ మాటని పదవి దిగినవాళ్లకి తగిలించాం. మాజీ సర్పంచ్, మాజీ ఎమ్మెల్యే, మాజీ కెప్టెన్. పదవి పోయింది, మనిషి ఉన్నాడు, రోజూ హోటల్ దగ్గర టీ తాగుతూ కనిపిస్తాడు కూడా. వస్తువులకి అంటించం. పాత బస్టాండే, మాజీ బస్టాండ్ కాదు.

జవాబు: మరి పేపర్లలో "తన మాజీ జట్టుపై చెలరేగాడు" అని రాస్తారు కదండీ?

జవాబు: అక్కడ తెగిపోయింది ఆటగాడికీ జట్టుకీ ఉన్న సంబంధం. రోహిత్ శర్మ 2011లో డెక్కన్ వదిలి ముంబై జట్టుకి వెళ్లాడు, అప్పట్నుంచి డెక్కన్ అతనికి మాజీ జట్టు, కానీ అది 2012 దాకా ఆడుతూనే ఉంది. "హైదరాబాద్ మాజీ జట్టు" అన్నారనుకోండి, ఊరు వదిలేసి ఇంకెక్కడో ఆడుతున్నట్టు వినిపిస్తుంది నాకైతే. (2010లో తెలంగాణ ఉద్యమం రోజుల్లో సొంత మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, ముంబైల్లో ఆడాల్సి వచ్చింది గానీ అది వేరే కథ.)

జవాబు: ఇంత గొడవెందుకు, ఇప్పుడు హైదరాబాద్‌కి సన్‌రైజర్స్ జట్టుంది కదా, "సన్‌రైజర్స్ పాత పేరు" అనేస్తే సరి.

జవాబు: అన్నా, అది మాత్రం ఒప్పుకోను! పాత పేరు అనాలంటే మనిషి అదే ఉండి పేరు మారాలి. ఢిల్లీ డేర్‌డెవిల్స్ క్యాపిటల్స్ అయింది, అది పాత పేరు. ఇక్కడ 2012 సెప్టెంబర్లో క్రికెట్ బోర్డు డెక్కన్ ఒప్పందమే రద్దు చేసింది, తర్వాత సన్ టీవీ వాళ్లు హైదరాబాద్‌కి కొత్త జట్టు కొనుక్కున్నారు. ఛార్జర్స్‌కి కెప్టెన్‌గా ఉన్న సంగక్కరే 2013లో సన్‌రైజర్స్‌కీ కెప్టెన్‌గా వచ్చాడు కాబట్టి అందరికీ ఒకటే అనిపిస్తుంది. కానీ 2009 కప్పు సన్‌రైజర్స్ లెక్కలోకి రాదు, వాళ్లది 2016ది.

జవాబు: అయితే "కీర్తిశేష డెక్కన్ ఛార్జర్స్" అనండి. జోకు కాదు, విడగొట్టి చూడండి: కీర్తి మాత్రమే శేషంగా మిగిలినవాడు కీర్తిశేషుడు. 2008లో ఎనిమిది జట్లలో అట్టడుగున ఉన్న టీము, మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో జొహానెస్‌బర్గ్‌లో ఆరు పరుగుల తేడాతో బెంగళూరుని ఓడించి కప్పు ఎత్తింది. ఓనర్లు పోయారు, జెర్సీ పోయింది, మిగిలింది ఆ ఒక్క రాత్రే. ఇంతకన్నా సరిపోయే మాట ఏది?

జవాబు: అన్నట్టు, పీఠభూమి అయితే దక్కన్, జట్టు అయితే డెక్కన్ ఎందుకయింది? దక్షిణం, ప్రాకృతంలో దక్ఖిణ, దాంట్లోంచి దక్కన్. ఇంగ్లీషులోకి వెళ్లొచ్చేసరికి ద కాస్తా డ అయింది.

అడిగినవారు: అందరికీ థాంక్స్. "ఒకప్పటి" అని పెడదామనుకున్నాను, మళ్లీ అది సినిమా హీరోయిన్ గురించి చెప్తున్నట్టుంది. చివరికి విశేషణమే తీసేసి "2008 నుంచి 2012 వరకు ఐపీఎల్‌లో ఆడిన డెక్కన్ ఛార్జర్స్" అని రాశాను. మాస్టారు టిక్కు పెట్టారు. "కీర్తిశేష" మాత్రం మా వాట్సాప్ గ్రూపులో వేసేశాను, ఇద్దరు నిజంగానే "ఓం శాంతి" పెట్టారు.