అప్‌డేట్: ఎం.ఎస్సీ. కెమిస్ట్రీతో తీరప్రాంత పరిశోధన, చెన్నైలో దారులు

ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదివిన మా చెల్లి సముద్రతీరాలు, నదీముఖాల మీద రీసెర్చ్ చేయొచ్చా, చెన్నైలో ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

చేయొచ్చు. సబ్జెక్ట్ మార్చుకోవాలన్న టెన్షన్ అక్కర్లేదు. చెన్నై పళ్లికరణైలో జాతీయ తీర పరిశోధన కేంద్రం, ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) ఉన్నాయి. అన్నా యూనివర్సిటీ ఆవరణలో ఎన్‌సీఎస్‌సీఎం (తీరప్రాంతాల సుస్థిర నిర్వహణ జాతీయ కేంద్రం) ఉంది. చెన్నైకి దక్షిణాన పరంగిపేటలో అన్నామలై యూనివర్సిటీ సముద్ర జీవశాస్త్ర కేంద్రం వెల్లార్ అనే నది మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గరే ఉంది కానీ, అది ప్రధానంగా బయాలజీ వాళ్లకు.

చెల్లిని నిజంగా కదిలించింది చెన్నైలోని అడయార్ నది మొగ. అలలు తెచ్చే ఇసుక అక్కడ మేట వేస్తుంది. వానలు లేని నెలల్లో నదికి దాన్ని తోసేసే బలం ఉండదు. మొగ పూడితే పోటు నీళ్లు లోపలికి రావు, మురుగు కదలదు, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. నీటిలో ఈ మార్పుల్ని పరిశీలించడం కెమిస్ట్రీ చదివినవాళ్లు చేయాల్సిన పనే!

ఇప్పుడు సీఎస్ఐఆర్ నెట్ (సైన్స్ రీసెర్చ్ ఫెలోషిప్‌ల కోసం రాసే జాతీయ పరీక్ష)లో కెమికల్ సైన్సెస్‌కే ప్రిపేర్ అవుతోంది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. ఇంట్లో నాన్నగారు ఒప్పుకోవడానికి ఈ మాట బాగా పనిచేసింది.

మాది సూళ్లూరుపేట కాబట్టి పీహెచ్‌డీకి పులికాట్ సరస్సును తీసుకోవాలని తన కోరిక. అక్కడ నీటి నమూనాలు సేకరించినవాళ్లుంటే ఏ నెలల్లో వెళ్లడం మంచిదో చెప్పండి.