కుడి గుండె విఫలమై బీపీ పడిపోయిన రోగికి సెలైన్ ఎక్కించవచ్చా?

శ్రీకాకుళం, ఐసీయూ వైద్యుడు:
కుడి గుండె విఫలమైన రోగికి బీపీ తగ్గగానే సెలైన్ ధారగా వదలడం మన ప్రాంతంలో అలవాటైపోయింది. ఇది మానాలని నా వాదన. కుడి జఠరిక (రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపే కింది గది) గోడ పలుచన. అది ఉబ్బి ఉన్నప్పుడు ఇంకా ద్రవం ఎక్కిస్తే రెండు జఠరికల నడిమి గోడ ఎడమ వైపుకు ఒరిగి, ఎడమ జఠరికలో రక్తం నిండే చోటు తగ్గి, బీపీ మరింత దిగుతుంది. సిరల్లో పీడనం పెరిగినందున కిడ్నీల గుండా రక్తం సరిగా సాగక మూత్రం తగ్గుతుంది. అది చూసి నీరు చాలలేదనుకుని మరో సీసా పెడతాము. మెడ సిరలు ఉబ్బి, కాళ్లు వాచిన రోగికి ముందు నార్‌అడ్రినలిన్‌తో (రక్తనాళాలను బిగించి బీపీ పెంచే మందు) సగటు బీపీని 65కు తెచ్చి, ఆపైన ఫ్యురోసెమైడ్ (మూత్రం ద్వారా నీటిని తీసే మందు) ఇవ్వాలి.

టెక్కలి, డ్యూటీ డాక్టరు:
సార్, మీరు చెప్పినది అందరికీ వర్తించదు. గుండె కింది గోడకు పోటు వచ్చి, దానితో పాటు కుడి జఠరిక కూడా దెబ్బతిన్న రోగికి ఊపిరితిత్తులు తేటగా ఉండి, మెడ సిరలు ఉబ్బకుండా ఉంటే కొద్దిపాటి సెలైనే నిలబెట్టవచ్చు. అలాంటివారికి నైట్రోగ్లిసరిన్ (రక్తనాళాలను సడలించే మందు) ఇస్తే బీపీ కుప్పకూలవచ్చు. రాత్రి పూట ఎకో (గుండె స్కాన్) తీసేవారు ఉండరు, విశాఖ వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. పూర్తిగా వద్దంటే కొత్తగా చేరిన వైద్యులు సెలైన్ అవసరమైనవారికి కూడా ఆపేస్తారు.

విజయనగరం, ఐసీయూ సిస్టర్:
మందు ఏదైనా, పక్కన నిలబడి చూసేవారు లేకపోతే రెండు పద్ధతులూ ప్రమాదమే. సెంట్రల్ లైన్ (గుండెకు దగ్గరి పెద్ద సిరలోకి పెట్టే గొట్టం) వేసే వరకు నార్‌అడ్రినలిన్‌ను ముంజేతి పెద్ద సిరలో ఇవ్వవచ్చు, కానీ సూది చోట వాపు, పాలిపోవడం, నొప్పి ఉన్నాయేమో తరచుగా చూడాలి, ఎందుకంటే మందు సిర బయటికి కారితే చర్మం చచ్చిపోతుంది. గంటగంటకూ మూత్రం, రోజూ ఉదయం ఒకే కాటా మీద బరువు రాయాలి. ఆక్సిజన్ పడిపోతే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని కుడి గుండెపై భారం పెరుగుతుంది కాబట్టి సక్షన్ చేసేటప్పుడు (గొట్టంతో కఫం లాగేటప్పుడు) కూడా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) మీద కన్ను ఉండాలి. ఉద్దానం నుంచి వచ్చే డయాలసిస్ రోగుల్లో మూత్రమే రానివారికి ఫ్యురోసెమైడ్ పనిచేయదు. నీటిని మిషన్‌తోనే తీయాలి.

శ్రీకాకుళం, ఐసీయూ వైద్యుడు:
కింది గోడ పోటు విషయంలో టెక్కలి డాక్టరు గారి మాట ఒప్పుకుంటాను. ఛాతీ కుడి వైపు ఈసీజీ తీసి, సిరలు ఉబ్బలేదని రూఢి చేసుకున్నాక 250 మిల్లీలీటర్లు ఇచ్చి, బీపీ పెరగకపోతే అక్కడితో ఆపాలి. సిస్టర్ గారు చెప్పిన ఆక్సిజన్ సంగతికి ఒకటి కలుపుతాను: ఇలాంటి రోగికి శ్వాసనాళంలో ట్యూబు వేయవలసి వస్తే మత్తుమందుకు ముందే నార్‌అడ్రినలిన్ నడుస్తూ ఉండాలి, వెంటిలేటర్‌లో పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే గాలి పీడనం) అవసరానికి మించి పెంచకూడదు.