బంగారు అంచు మగ్గులు: డిష్‌వాషర్‌లో వేయవచ్చా, చేత్తోనే కడగాలా?

చర్చ మొదలుపెట్టిన సభ్యురాలు:
గృహప్రవేశానికి కానుకలుగా వచ్చిన పింగాణీ మగ్గులు మా ఇంట్లో చాలా ఉన్నాయి. కొన్నింటికి బంగారు అంచు ఉంది, కొన్నింటిపై ఫొటో ముద్రించారు, రెండు జైపూర్ బ్లూ పాటరీవి. డిష్‌వాషర్ కొన్నాక అన్నింటినీ అందులోనే వేయాలని ఇంట్లో కొందరు, వద్దని కొందరు అంటున్నారు. ఏది సరైనదో కారణాలతో సహా చెప్పగలరు.

మొదటి సభ్యుడు:
అన్నింటినీ నిశ్చింతగా యంత్రంలో వేయండి. మగ్గుల అందం చెడేది సింకు దగ్గరే: అంట్లు తోమేటప్పుడు స్టీలు పీచు బొమ్మను గీరుతుంది, కుళాయికి తగిలి పిడి విరుగుతుంది. యంత్రంలో ఒకదానికొకటి తగలకుండా అమర్చితే రాపిడే ఉండదు. పైగా చాలా మగ్గుల అడుగున డిష్‌వాషర్ గుర్తు ముద్రించే ఉంటుంది.

రెండవ సభ్యురాలు:
స్టీలు పీచు గురించి మీరు చెప్పింది నిజమేనండీ, కానీ యంత్రంలో నష్టం చేసేది రాపిడి కాదు, క్షారం. డిష్‌వాషర్ పొడిలో సోడియం కార్బొనేటు వంటి క్షారాలు ఉంటాయి. వేడి నీటితో కలిసి అవి ఒక్కో విడతలో చాలాసేపు మగ్గు మీద పనిచేస్తాయి. గ్లేజు అంటే పింగాణీ మీద ఉండే నున్నని మెరుపు పూత; అది ఒక రకం గాజే కనుక, దాని కింద వేసిన రంగుకు ఆ గాజు పొర రక్షణగా ఉంటుంది. బంగారు అంచుకు ఆ రక్షణ లేదు. గ్లేజు కాల్చడం పూర్తయ్యాక, దాని పైన ద్రవరూపంలోని బంగారాన్ని కుంచెతో పూసి, మళ్లీ 700–800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు; మిగిలేది వెంట్రుక కంటే ఎంతో పలుచనైన పొర. ఫొటో మగ్గు మరీ సున్నితం, ఎందుకంటే దాని రంగు ఉండేది గ్లేజులో కాదు, పైన పూసిన పాలిస్టర్ పూతలో.

అడుగున ఉన్న గుర్తును కూడా గుడ్డిగా నమ్మకండి. తెల్ల మగ్గు తయారు చేసినవారు ఒకరు, తరువాత దానిపై బొమ్మ వేసిన దుకాణం మరొకటి కావచ్చు. మగ్గును కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి: బొమ్మ అంచు దగ్గర మెరుపు తెగినట్టు కనిపించినా, వేలికొనకు సన్నని గట్టులా తగిలినా, ఆ బొమ్మ గ్లేజు పైన ఉన్నట్టే, దాన్ని చేత్తోనే కడగాలి.

జైపూర్ వాటిని నానబెట్టనే వద్దు. వాటిలో మామూలు బంకమట్టి ఉండదు. క్వార్ట్జ్ పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, జిగురు కలిపి తక్కువ వేడిలో కాలుస్తారు కనుక అవి నీటిని పీలుస్తాయి. అసలు వాటిలో మరిగే కాఫీ పోయకపోవడమే మేలని నా అభిప్రాయం.

మూడవ సభ్యుడు:
లోపలి టీ మరకలకు చింతపండు వాడవచ్చా? ఇత్తడి సామాను దానితోనే కదా మెరుస్తుంది.

రెండవ సభ్యురాలు:
రంగుల మగ్గుకు వద్దండీ. గ్లేజు పైన వేసే కొన్ని రంగులలో సీసం, కాడ్మియం ఉండవచ్చు, పులుపు వాటిని బయటకు లాగుతుంది. సీసాన్ని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణంలో కూడా పాత్రను 4 శాతం ఎసిటిక్ ఆమ్లంతో నింపి 24 గంటలు ఉంచుతారు. టీ మరకకు తడి వంటసోడాను మెత్తని గుడ్డతో లోపలి వైపు మాత్రమే రుద్దితే చాలు; బంగారం చిలుము పట్టదు కనుక అంచును రుద్దనవసరం లేదు.

మొదటి సభ్యుడు:
బంగారు అంచు, ఫొటో మగ్గుల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ స్టీలు పీచు మానని ఇంట్లో, గ్లేజు కింద బొమ్మ ఉన్న మగ్గుకు సింకు కంటే యంత్రంలో పై అరే క్షేమమన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

రెండవ సభ్యురాలు:
ఆ మగ్గుల వరకు నాకూ అభ్యంతరం లేదు. కడిగాక మాత్రం ఒకదానిలో ఒకటి పేర్చకండి. మగ్గు అడుగున గ్లేజు పూయని గరుకు వలయం ఉంటుంది. కింది మగ్గు బంగారు అంచును గీరేది అదే.