పాత డీజిల్ ట్రాక్టర్ కంప్రెషన్ ఎలా చూడాలి?
అన్నా, మాది పలమనేరు దగ్గర. మా మూడు సిలిండర్ల పాత ట్రాక్టర్ పొద్దున చలికి ఒక పట్టాన స్టార్ట్ కాదు. సెల్ఫ్ కొట్టినంతసేపూ తెల్లపొగ, వేడెక్కితే మామూలే. ఇంజన్ లోపలి గాలి బయటికొచ్చే బ్రీదర్ పైపు దగ్గర చెయ్యి పెడితే గాలి కొడుతోంది, అరచేతికి నూనె అంటుతోంది. బ్యాటరీ కొత్తది. మెకానిక్ ఏమీ చూడకుండానే ఇంజన్ బోర్ (సిలిండర్ల లోపలి గోడలు కోసి సరిచేయడం) చేయించమంటున్నాడు. టమోటా ధర ఉన్న తీరుకి అంత ఖర్చా!

ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి వస్తోందో చూద్దామనుకుంటున్నా. పెట్రోల్ బండ్ల గేజీ 300 పీఎస్ఐ దాకానే, డీజిల్‌కి చాలదు. ఇంజెక్టర్ తీసిన చోట బిగించే అడాప్టర్‌తో సహా డీజిల్ గేజీ చిత్తూరులోనో తిరుపతిలోనో అద్దెకు దొరుకుతుందా? రీడింగ్ తక్కువొస్తే రింగులా, వాల్వులా అని తేల్చడానికి సిలిండర్‌లో నూనె పోసి చూస్తారు కదా. డీజిల్‌లో పిస్టన్ పైన చోటు బాగా తక్కువ, నూనె ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగుతుందని టెన్షన్. ఎంత పోయొచ్చు? చేసి చూసినవాళ్లే చెప్పండి.