గర్భసంచి తీసేయాలని రాసిచ్చారు: రెండో డాక్టరుకు చూపించాలా, ఆలస్యం చేయకుండా ఒప్పుకోవాలా?

ఆదోని_పత్తిచేను
ఒకామె కాగితాలు నా చేతికొచ్చినాయి, పేరు అక్కర్లేదు. 38 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. పత్తి చేన్లలో కూలి పని. ఆరేడు నెలలుగా బహిష్టు 8, 9 రోజులు పోతోంది, గడ్డలు గడ్డలుగా. హిమోగ్లోబిన్ 7.8. పొట్ట మీద చేసిన స్కానింగ్‌లో రాసింది ఇది: గర్భాశయం 9.5, 5.5, 5 సెం.మీ., ‘బల్కీ’ (అంటే పెద్దదిగా ఉందని). వెనక గోడలో 2.5 సెం.మీ. ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని కండగడ్డ). ఎండోమెట్రియం (గర్భసంచి లోపలి పొర) 11 మి.మీ. కుడి అండాశయంలో 3 సెం.మీ. నీటిబుడగ. చీటీలో ఒకటే మాట: గర్భసంచి, రెండు అండాశయాలు తీసేయాలి.

కర్నూలుకు పోయి ఇంకొకరికి చూపిద్దామని ఇంట్లో సగం మంది. డాక్టరు చెప్పినాక ఇంకేం చూసేది, అంతలోపల ఒంట్లో రక్తమే ఉండదని సగం మంది. మీరు ఏ పక్క? ఎందుకో కూడా చెప్పండప్పా.

వార్డుసిస్టర్_కడప
ఆపరేషన్ పక్కన మాట్లాడేవాళ్లు ఇక్కడ తక్కువుంటారు కాబట్టి ఆ పని నేనే చేస్తా. అండాశయాల సంగతి పక్కన పెట్టండి, దానికి నేనూ ఒప్పుకోను. గర్భసంచి వరకు చూస్తే ఆ డాక్టరు మాటలో అన్యాయమేమీ కనిపించడం లేదు. పిల్లలు చాలన్నారు. ఎండలో, చేనులో, బాత్రూము లేని చోట రోజంతా పని. మందులంటే మూడు నుంచి ఆరు నెలలు క్రమం తప్పకుండా వాడాలి. వాస్తవంలో జరిగేదేమిటంటే రక్తం ఆగగానే మాత్రలు ఆపేస్తారు, నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 5తో రాత్రిపూట 108లో వస్తారు. అప్పుడు రెండు బాటిళ్లు రక్తం ఎక్కించి, అదే ఆపరేషన్ ఇంకా ఎక్కువ ప్రమాదంతో చేయాలి. రెండో డాక్టరు, మూడో డాక్టరు అని తిరగడానికి ప్రతిసారీ ఒకరోజు కూలి, బస్సు చార్జీ, మళ్లీ కొత్త స్కానింగ్.

ల్యాబుగది
సిస్టర్, మీ వాదన రిపోర్టు పూర్తిగా ఉన్నప్పుడు నిలబడుతుంది. ఈ రిపోర్టు పూర్తిగా లేదు.

బల్కీ అనేది జబ్బు పేరు కాదు. పిల్లలు కాని గర్భాశయం పొడవు 7, 8 సెం.మీ. ఉంటుంది, రెండు కాన్పులయ్యాక 9, 10 ఉండటం మామూలే. 3 సెం.మీ. నీటిబుడగ, లోపల గోడలూ గట్టి భాగాలూ లేకపోతే, నెలనెలా అండం పెరిగే సంచే కావచ్చు. నెలసరి వచ్చే వయసులో 5 సెం.మీ. దాకా ఉన్న మామూలు బుడగ చాలామటుకు దానంతటదే కరిగిపోతుంది. దాన్ని చూపించి అండాశయం తీయడం కుదరదు.

ఎండోమెట్రియం 11 మి.మీ. అనేది స్కాన్ ఏ రోజు తీశారో తెలియకుండా అర్థంలేని అంకె. బహిష్టు ఆగిన వెంటనే ఆ పొర పలచగా, 4 మి.మీ. దగ్గర ఉంటుంది. తర్వాతి బహిష్టు దగ్గరపడే కొద్దీ 14, 16 దాకా పోతుంది, అదీ సహజమే. 4 మి.మీ. దాటితే భయపడాలన్న లెక్క ముట్లుడిగాక రక్తం కనబడినవాళ్లకు. ఆ లెక్క తెచ్చి 38 ఏళ్లామె మీద పెట్టి ‘పొర మందమైంది’ అని చెప్తుంటారు.

ఇక ఫైబ్రాయిడ్. 2.5 సెం.మీ. గడ్డ గర్భాశయం లోపలి కుహరంలోకి తోసుకొస్తే రక్తం బాగా పోతుంది. గోడ బయటివైపుంటే ఈ రక్తస్రావానికీ దానికీ సంబంధం లేకపోవచ్చు. ‘వెనక గోడలో’ అంటే ఏ పొరలో? పొట్ట మీద చేసిన స్కాన్‌లో అది సరిగ్గా తేలదు. యోని ద్వారా చేసే స్కాన్ కావాలి, దాన్ని టీవీఎస్ అంటారు. లోపలికి తోసుకొచ్చిన చిన్న గడ్డయితే హిస్టిరోస్కోపీతో (యోని ద్వారా సన్నని కెమెరా గొట్టం పంపి) దాన్నొక్కదాన్నే తీయొచ్చు, కోత ఉండదు.

ఇంకో మూడు పరీక్షలు ఆ కాగితాల్లో ఉన్నాయా చూడండి. మూత్రంతో గర్భ పరీక్ష (కుటుంబ నియంత్రణ అయినా సరే, అరుదుగా విఫలమవుతుంది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువుంటే బహిష్టు ఎక్కువ పోతుంది), గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు తీసి చూసే పాప్ స్మియర్. పాప్ ఎందుకంటారా? ముఖద్వారంలో క్యాన్సర్ ఉందని తెలియక మామూలు పద్ధతిలో గర్భసంచి తీస్తే చికిత్స సగంలో ఆగినట్టు. క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్ వేరు, చుట్టూ ఉన్న కణజాలం కూడా తీయాలి. లోపలి పొర ముక్క పరీక్ష 45 దాటితే తప్పనిసరి. ఆలోపు అయితే ఊబకాయం, షుగర్ ఉన్నా, మందులకు తగ్గకపోయినా చేయిస్తారు.

మందులషాపు_కర్నూలు
ముందు రక్తం సంగతి. 7.8తో ప్లాన్ చేసుకుని చేసే ఆపరేషన్‌కు మత్తు డాక్టరు మామూలుగా ఒప్పుకోడు, 10 దాటించుకుని రమ్మంటాడు. ఐరన్ ఎంత కావాలో లెక్క ఉంది. బరువు 50 కిలోలు, 7.8 నుంచి 13కు తేవాలంటే: 50ని 5.2తో గుణించి, దాన్ని 2.4తో గుణించి, నిల్వకు 500 కలపాలి. సుమారు 1,120 మిల్లీగ్రాములు. ఐరన్ సుక్రోజ్ అయితే రోజు విడిచి రోజు 200 చొప్పున ఆరు ఇంజెక్షన్లు. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే 1,000 ఒకే డ్రిప్‌లో పావుగంటలో ఎక్కుతుంది, ఎక్కాక అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. హిమోగ్లోబిన్ పెరగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మాత్రలే వాడితే పరగడుపున, నిమ్మరసం నీళ్లతో. టీతో వద్దు, పాలతో వద్దు, సంగటి తిన్న వెంటనే అసలు వద్దు. రాగుల్లోని ఫైటేటు ఐరన్‌ను పట్టి ఉంచేస్తుంది.

రక్తం తగ్గించే మాత్రల్లో తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్తా. ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మి.గ్రా. రెండేసి, రోజుకు మూడుసార్లు, రక్తం పోయే రోజుల్లోనే, నాలుగైదు రోజులకు మించకుండా. నెలంతా వేసుకునేది కాదు. కాలి నరాల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది ట్రానెక్సామిక్, మెఫెనమిక్ కలిపిన మాత్ర. దాంతోపాటు కడుపునొప్పికి విడిగా మెఫెనమిక్ కూడా మింగితే డోసు రెట్టింపై కడుపులో మంట.

నోరెథిస్టిరోన్ అనే హార్మోను మాత్ర 5 మి.గ్రా. మూడుపూటలా ఇస్తారు. కోర్సు ఆపిన రెండు మూడు రోజులకు మళ్లీ రక్తం వస్తుంది, రావాలి కూడా. ‘మందు పనిచేయలేదు, ఆపరేషనే దిక్కు’ అని చాలామంది తీర్మానించుకునేది సరిగ్గా ఆ రోజే. చీటీ రాసినవాళ్లు ఈ ఒక్క మాట చెప్పి పంపితే సగం గొడవ ఉండదు.

ఆర్మెలాక్సిఫెన్ 60 మి.గ్రా. వారానికి రెండు చొప్పున 12 వారాలు, తర్వాత వారానికొకటి 12 వారాలు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భనిరోధక మాత్రగా ‘ఛాయ’ పేరుతో ఉచితంగా ఇచ్చేది ఇదే మందు. కానీ అండాశయంలో బుడగలున్నవాళ్లకు జాగ్రత్త, ఈమె విషయంలో ముందు ఆ బుడగ కరిగిందని మరో స్కాన్‌లో తేలాలి. సొంతంగా మొదలుపెట్టేది కాదు.

వార్డుసిస్టర్_కడప
మీరు రాసినవన్నీ నిజాలే అన్నా. అసలైనదాన్ని వదిలేశారు, గర్భసంచిలో అమర్చే లెవోనార్‌జెస్ట్రెల్ లూప్. లోపల 52 మి.గ్రా. హార్మోను, ఒకసారి వేస్తే కనీసం ఐదేళ్లు. రక్తస్రావం తగ్గించడంలో మాత్రలన్నిటికన్నా గట్టిది. మరి ఎందుకు నిలబడదు? మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా రోజూ కనబడుతుంది. గుడికి పోలేక, పూజ చేసుకోలేక రెండో నెలకే తీయించేస్తారు. ఇది వైద్యం లోపం కాదు, ముందే చెప్పకపోవడం లోపం. కానీ చెప్పినా ఎంతమంది ఓర్చుకుంటారు? నేను ఆపరేషన్ పక్కన ఉన్నది అందుకే. పుస్తకంలో ఉన్న మందు వేరు, ఇంట్లో మింగే మందు వేరు.

గుత్తికోట
సిస్టరమ్మ చెప్పేదానికి వెనక డబ్బు కథ కూడా ఉంది, అది మాట్లాడకుండా ఈ చర్చ కదలదు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ప్రధానంగా చేరి చేయించుకునే చికిత్సకు కడుతుంది. ఓపీలో రాసే ఆరు నెలల మాత్రలకు, విడిగా చేయించే టీవీఎస్‌కు జేబులోంచే పెట్టాలి. పేదింటికి ఉచితమైన ఆపరేషన్ ముందు డబ్బులు పెట్టే మందు ఖరీదుగానే కనిపిస్తుంది. ఊర్లో ఆర్‌ఎంపీ తీసుకొచ్చి చేర్పించిన కేసయితే కమిషన్ ఉందేమో అడగక తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5 (2019-21)లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు, ఆంధ్రలో 9 శాతానికి దగ్గర. మన ఆడవాళ్ల గర్భసంచులు మూడింతలు చెడిపోయినవా?

ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకు ఒక మాట: క్యాన్సర్ కాని కారణానికి గర్భసంచి తీయడానికి చాలా పాలసీల్లో 24 నెలల నిరీక్షణ ఉంటుంది. పాలసీ తీసుకుని ఏడాదే అయితే క్లెయిమ్ తిప్పికొడతారు.

వార్డుసిస్టర్_కడప
కమిషన్ ఉందని ప్రతి చీటీనీ అనుమానిస్తే, నిజంగా తీయాల్సినవాళ్లు కూడా ఆలస్యం చేస్తారు. పొర ముక్క పరీక్షలో అసహజ కణాలు తేలినా, గడ్డ పెరిగి మూత్రాన్ని అడ్డుకుంటున్నా, సరిగ్గా వాడిన మందులు విఫలమైనా తీయడమే సరైన వైద్యం. అది కూడా రాయండి.

బురుజుకాడ_లాయరు
రాశాననుకోండి. నేను చీటీలోని రెండో ముక్క దగ్గరే ఆగిపోయాను: రెండు అండాశయాలు. 38 ఏళ్లకు రెండూ తీస్తే ఆ వారంలోనే ముట్లుడుగుతాయి. వేడి ఆవిర్లు, నిద్రలేమి సరే, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ప్రమాదం ముందుకు జరుగుతాయి. చీటీలో కారణం రాయలేదు.

సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది సరిగ్గా ఇలాంటి విషయమే. ఢిల్లీలో ఒకామె పరీక్ష కోసం లాపరోస్కోపీకి (పొట్టలోకి కెమెరా గొట్టం పంపి చూడటానికి) సంతకం పెట్టింది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి దగ్గర ఒప్పుదల తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికి రానప్పుడు, పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల ఆపరేషన్‌కు చెల్లదనీ, తెలివిలో ఉన్న వయోజనురాలి బదులు తల్లి సంతకం చెల్లదనీ కోర్టు తేల్చింది. ఆస్పత్రి ఫీజు వదులుకోవాలి, పైన 25,000 రూపాయల పరిహారం. మొత్తం చిన్నదే, సూత్రం పెద్దది. మన దగ్గర భర్త సంతకం పెడితే సరిపోతుందని అనుకుంటారు. సరిపోదు. ఆమె చదవాలి, లేదా ఆమెకు చదివి వినిపించాలి.

చేయాల్సింది: ఒప్పుదల పత్రం ముందు రోజే అడగండి, ఆపరేషన్ థియేటర్ గడప దగ్గర కాదు. ఖాళీ గళ్లున్న ఫారం మీద సంతకం వద్దు. అండాశయాలు వద్దనుకుంటే ‘అండాశయాలు ఉంచాలి, లోపల స్పష్టమైన జబ్బు కనిపిస్తే తప్ప’ అని తెలుగులోనే రాయించి పక్కన సంతకం పెట్టండి. ఫెలోపియన్ గొట్టాలు తీస్తామంటే అది వేరే విషయం, తర్వాత వచ్చే అండాశయ క్యాన్సర్ ప్రమాదం తగ్గుతుందని ఇప్పుడు చాలామంది తీస్తున్నారు. దానికీ విడిగా అడగాలి.

రెండో డాక్టరుకు చూపించడానికి మొదటివాళ్ల అనుమతి అక్కర్లేదు. కాగితాలు ఇవ్వనంటే రాతపూర్వకంగా అడగండి. 2002 వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి.

ల్యాబుగది
ఆపరేషన్ జరిగాక కూడా ఒక పని ఉంది, ఎవరూ అడగరు. తీసిన గర్భసంచి పాథాలజీకి పోవాలి, వారం పది రోజుల్లో రిపోర్టు రావాలి. కుట్లు విప్పించుకోవడానికి పోయినప్పుడు ఆ కాగితం చేతిలోకి తీసుకోండి. అనుకోని క్యాన్సర్ ఉంటే అందులోనే తెలుస్తుంది.

ఆదోని_పత్తిచేను
అడిగి కనుక్కున్నా. స్కాన్ బహిష్టు మొదలైన 23వ రోజు తీశారంట. టీఎస్‌హెచ్ లేదు, పాప్ లేదు. మాత్రలు ఒక్కసారి ఇచ్చినారు, నోరెథిస్టిరోన్, 20 రోజులు. ఆపినాక మళ్లీ రక్తం వచ్చిందని ఆ పొద్దే ఆపరేషన్ రాసినారు.

మందులషాపు_కర్నూలు
చూశారా. అది మందు విఫలం కావడం కాదప్పా.

వార్డుసిస్టర్_కడప
సరే, ఈ కేసు వరకు నేను తగ్గుతా. 23వ రోజు 11 మి.మీ. అంటే ఏమీ లేదు. అయినా నా భయం పోలేదు. రెండో మాట కోసం తిరుగుతూ రక్తం సంగతి మరిచిపోవడమే అసలు ప్రమాదం. కాబట్టి వరుస మార్చండి. ఐరన్ ఈ వారమే మొదలుపెట్టండి, ఆపరేషన్ చేసినా చేయకపోయినా అది ఎలాగూ కావాలి. అది పనిచేసే మూడు నాలుగు వారాల్లోనే టీఎస్‌హెచ్, పాప్ చేయించండి. టీవీఎస్ మాత్రం బహిష్టు ఆగిన మరుసటి రోజుల్లో. కర్నూలు పెద్దాస్పత్రి గైనిక్ ఓపీకి పొద్దున్నే పోతే ఫీజు లేదు, పాత స్కాన్ ఫిల్ములు కూడా పట్టుకుపొండి. గంటకో ప్యాడు మార్చాల్సి వస్తున్నా, కళ్లు తిరిగి పడినా ఈ లెక్కలన్నీ వదిలేసి ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి.

ఆదోని_పత్తిచేను
పత్తి ఏరడం మొదలైతే ఒక్కరోజు కూడా వదలరు అక్కా. ఈ నెలలోనే ముగించాలి.

వార్డుసిస్టర్_కడప
అయితే ఐరన్ డ్రిప్ అడుగు, ఆరు ఇంజెక్షన్లకు ఆరుసార్లు తిరగలేదు ఆమె.