కొచ్చిలో సినిమా పనికి వెళ్తే, గొడవల్లో షూటింగ్ ఆగితే టెక్నీషియన్ సంగతేంటి?

మా తమ్ముడు హైదరాబాద్‌లో ఫోకస్ పుల్లర్, అంటే షాట్‌లో ఫోకస్ చూసుకునే కెమెరా అసిస్టెంట్. ఓ మలయాళం సినిమాకి కొచ్చి రమ్మన్నారు. వాడు సంతోషంగా ఉన్నాడు గానీ, అక్కడి గొడవల గురించి చదివిన దగ్గర్నుంచీ నాకే టెన్షన్.

మలయాళ డైరెక్టర్ వినయన్ విషయమే చూడండి. ఆయనతో పని చేయొద్దని నటుల సంఘం అమ్మ, టెక్నీషియన్ల సమాఖ్య ఫెఫ్కా ఒత్తిడి చేశాయని తేల్చి 2017లో మార్కెట్లో పోటీని అడ్డుకునేవాళ్ళపై చర్య తీసుకునే కాంపిటీషన్ కమిషన్ జరిమానా వేసింది, 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా ఫెఫ్కాకి ఊరట దొరకలేదు. మళ్ళీ 2023లో ఇద్దరు యువ నటులు షూటింగుల్లో ఇబ్బంది పెడుతున్నారని, వాళ్ళకి సహకరించేది లేదని సంఘాలన్నీ కలిసి ప్రకటించాయి. సెట్లో ఇబ్బంది పడ్డవాళ్ళ కోపం నాకర్థమవుతుంది, అందులో తప్పేం లేదు. కానీ అలా సినిమా మధ్యలో ఆగిపోతే, ఏ పక్షమూ కాని కెమెరా అసిస్టెంట్ రోజు కూలీ ఎవరిస్తారు?

అక్కడ పనిచేసిన తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. ఫెఫ్కా యూనియన్ కార్డు లేకుండా బయటివాళ్ళని సెట్లోకి రానిస్తారా, లేక ఇక్కడి కార్డు చూపిస్తే సరిపోతుందా? డబ్బు ఆగితే ఫిర్యాదు అక్కడి యూనియన్‌కి ఇవ్వాలా, మన తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్‌కా? రాతపూర్వక ఒప్పందాలు ఉండాలని, మలయాళ సినిమాల్లో మహిళల సమస్యలపై కేరళ ప్రభుత్వం వేసిన హేమ కమిటీ కూడా చెప్పింది కదా, వీడికి మాత్రం అంతా ఫోన్లోనే మాట్లాడారు. ఏమేం రాయించుకోమనాలి? వచ్చేవారమే బయల్దేరాలి, కాస్త త్వరగా చెప్పండి.